వదిన గీసిన బీరువా

మా అన్నయ్య ఫోన్ చేసేసరికి నేను బాపట్లలో ఆఫీసు మెట్లెక్కుతున్నాను. "కంప్యూటర్ ఆన్‌లోనే ఉందమ్మాయ్. ఆపాలా, అలాగే ఉంచాలా?" అని అడిగాడు. ఇంట్లో వదిన ఉండగా బాపట్లలో ఉన్న నన్నడగడమేంటని చిరాకేసింది. "వదిన్నే అడగొచ్చుగా" అన్నాను. అన్నయ్య నెమ్మదిగా చెప్పాడు. "మీ వదిన లేదే. పొద్దున్నే కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. డాక్టరుగారు వచ్చి చూసెళ్ళారు. గుండె అన్నారు. బొమ్మ సగంలో ఉంది. నేను ముట్టుకుంటే పోద్దేమోనని భయంగా ఉంది." నేను వెంటనే, "ముట్టుకోకు, వస్తున్నా" అన్నాను. నా నోట్లోంచి ముందుగా వచ్చిన మాట అదే. ఏడుపు రేపల్లె బస్సెక్కాక వచ్చింది.

నెల దాటింది. ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ఏడుపుకంటే ముందు హుషారు తన్నుకొస్తోంది. నన్ను తప్పు పట్టకండి. మా వదిన పని గురించి ఎవరు నెమ్మదిగా చెప్పబోయినా నేను మధ్యలో దూరిపోయి చేతులు తిప్పుతూ చెప్పేసేదాన్ని. ఇప్పుడూ అలాగే చెబుతాను.

మా వదిన ఐకాన్లు గీసేది. కంప్యూటర్ తెర మీద కత్తెర, పెన్సిలు, భూతద్దం, చెత్తబుట్ట, ఇలా గోరంత బొమ్మలుంటాయి చూడండి, మీరు రోజూ నొక్కుతారే, అవి. వాటిని ఎవరో ఒకరు గీస్తారని మీకెప్పుడైనా తట్టిందా? నాకూ తట్టలేదు లెండి. మా ఇంట్లోకి కోడలొచ్చి గీసి చూపించేదాకా అవి కంప్యూటర్‌తో పాటే పుడతాయనుకున్నాను. అడ్డం పదహారు గళ్ళు, నిలువు పదహారు గళ్ళు. అంతే చోటు. అందులో కత్తెర పట్టాలి, అది కత్తెరలాగే ఉండాలి. ఎవరి దగ్గరా ఉద్యోగం కాదు. రేపల్లెలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని, ఎక్కడెక్కడి సాఫ్ట్‌వేర్లకో గీసి పంపేది.

ఆమె పుట్టిల్లు వేటపాలెం. వాళ్ళ నాన్నగారు నేతచీరల అంచులకు గళ్ళ కాగితం మీద డిజైన్లు వేసేవారు. నింపిన గడి దగ్గర దారం పైకి లేవాలి, నింపని గడి దగ్గర కిందకి పోవాలి. చిన్నప్పటినుంచీ ఆ గళ్ళు నింపుతూ పెరిగింది వదిన. మా అన్నయ్య తను నేర్చుకుంటానని పాత కంప్యూటర్ ఒకటి కొనుక్కొచ్చి, నెల తిరక్కుండా దానిమీద తువ్వాలు కప్పేశాడు. ఆ తువ్వాలు తీసింది వదినే. తెరమీది బొమ్మను పెద్దది చేసి చూసి, "ఇవి మా నాన్న గళ్ళే కదండీ" అందట. అప్పుడు నేను పక్కన లేను. ఉండుంటే ఆ మొహం చూసేదాన్ని కదా అని ఇప్పటికీ నాకు కుళ్ళు.

ఆమె పనిముట్ల గురించి చెప్పకపోతే ఊరుకోదు. తెర ఎడమ మూల ఎప్పుడూ ఒక భూతద్దం కిటికీ తెరిచుండేది. బాణం ఎక్కడికి పోతే అక్కడి గళ్ళను శనగగింజలంత చేసి చూపించేది అది. రంగును ముంచుకుని ఇంకోచోట వదిలే డ్రాపర్ ఒకటి. తెరమీద కొలతపట్టీ ఒకటి, దాన్ని చిన్నదో పెద్దదో చేస్తూ అటూ ఇటూ జరుపుతూ ఉండేది. కుడిపక్కన చీటీలా చిన్న పసుపు కిటికీ, అందులో తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేది. ఒకసారి తొంగి చూస్తే, 'గొడ్డలి పిడి లావు, పప్పు తాలింపు' అనుంది. ఏది బొమ్మ గురించో ఏది వంట గురించో నాకు అర్థం కాలేదు. ఇవన్నీ ఒకెత్తు, వంటింటి గుమ్మం ఒకెత్తు. గీసిన బొమ్మను తెరమీద వదిలి, గుమ్మం దాకా నడిచి, గభాలున వెనక్కి తిరిగి చూసేది. అక్కడినుంచి తెలియకపోతే చెరిపేసేది. గంటకు పదిసార్లు ఆ నడక. కూర కూడా ఆ నడకల్లోనే అయిపోయేది.

మౌసు కింద బంతి ఉండే రోజులవి. ప్రతి శుక్రవారం ఆ బంతిని బయటకు తీసి కుంకుడు రసంతో కడిగేది. మా అమ్మ చూసి, "ఎలకకి తలంటేంటే, విడ్డూరం కాకపోతే" అంది. వదిన తల ఎత్తకుండానే, "ఇది కూడా ఆడదేనండి అత్తయ్యా, శుక్రవారం తలంటకపోతే మాట వినదు" అంది. తర్వాత బంతి లేని మౌసులొచ్చాయి. మా అన్నయ్య ఒకటి కొనిచ్చాడు కూడా. వదిన దాన్ని డబ్బాలోనే ఉంచి పాతదాన్నే వాడుకుంది.

ఇక అసలు కథకు వస్తాను. బొమ్మలు గీసే ఒక చిన్న సాఫ్ట్‌వేరు ఆమెకు దొరికింది. ముప్పై రోజులు ఊరికే వాడుకోవచ్చు, ఆ తర్వాత మూతపడుతుంది. ఎక్కడో చలిదేశంలో ఇద్దరు మనుషులు నడిపే కంపెనీ వాళ్ళది. వదినకు అది ఎంత నచ్చిందో అంత కోపమూ తెప్పించింది. "బొమ్మలు గీసుకోమని ఇస్తారు, వాళ్ళ బొమ్మలేంటే ఇంత దరిద్రంగా ఉన్నాయి? ఇది పెన్సిలా, మునక్కాయా?" అని గొణిగి గొణిగి, చివరికి నా చేత ఇంగ్లీషు సరిచేయించి ఈమెయిల్ రాసేసింది. మర్నాడే జవాబు. అంత బాగా తెలిస్తే మీరే గీసి పంపండి, మొత్తం ముప్పై ఆరు బొమ్మలు, నచ్చితే సాఫ్ట్‌వేరు మీకు ఉంచేస్తాం, ఇకమీదట మా పనంతా మీకే అని. అది చదివి వదినా నేనూ ముందుగదిలో చేతులు పట్టుకుని గిరగిరా తిరిగాం. మా అమ్మ అట్లకాడ పట్టుకునొచ్చి మమ్మల్ని చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

సంబరం ఒక్కరోజే. అప్పుడు మే నెల. రేపల్లెలోనే ఒక స్కూలువాళ్ళు జూన్ నుంచి కంప్యూటర్ టీచరుగా రమ్మని వదినను పిలిచి ఉన్నారు. పొద్దున వెళ్తే సాయంత్రం దాకా అక్కడే. మా అమ్మకు ఆ ఉద్యోగం బాగా నచ్చింది. "పదిమందికి తెలిసే పని. ఇదేం పనే, గోరంత బొమ్మకి పొద్దస్తమానం కూర్చోవడం? ఆ స్కూలు తెరిచేలోపు తేలాలి. తేలకపోతే చక్కగా చీర కట్టుకుని స్కూలుకి వెళ్ళు" అంది. అన్నయ్య అమ్మ మాటకు ఎదురు చెప్పే రకం కాదు. వదిన సరేనంది. ఆ సరేలో ఎంత భయం ఉందో నాకు తెలుసు. ఎందుకంటే ఆ రాత్రి నుంచీ ఆమె నాతో వేళాకోళం ఆడటం మానేసింది.

నేనప్పుడు తెనాలిలో ఒక డీటీపీ షాపులో పనిచేస్తూ రోజూ రేపల్లె ప్యాసింజర్లో పోయొచ్చేదాన్ని. వదిన బొమ్మల్ని మా షాపులో రంగుల్లో ప్రింటు తీసి, పాత శుభలేఖల అట్టమీద అంటించి, వేలిగోరంత ముక్కలు కత్తిరించి తెచ్చేదాన్ని. వారానికి రెండుసార్లు వదిన కూడా నాతో రైలెక్కేది. ఆడవాళ్ళ పెట్టెలో ఆమె కొలువు. పెరుగు కుండలవాళ్ళు, కూరగాయల గంపలవాళ్ళు, టీచర్లు, నర్సులు, భట్టిప్రోలులో ఎక్కే కూలీ ఆడవాళ్ళు. ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చూపించి, "ఏంటండి ఇది?" అని అడిగి లోపల మూడు లెక్కపెట్టేది. మూడయ్యేలోపు చెబితే బొమ్మ నెగ్గినట్టు. ఆలోచించారో, పోయినట్టే.

అబ్బ, ఆ రైలు కబుర్లు. రబ్బరును చూసి పెరుగావిడ "సబ్బు బిళ్ళ" అంది, వదిన ఇంటికొచ్చి దాని మూల అరగ్గొట్టింది. భూతద్దాన్ని చూసి ఒకావిడ "గరిటె" అంది, అద్దం మీద రెండు తెల్ల గళ్ళు పెడితే అద్దమైంది. డ్రాపర్‌ను అందరూ కంటిచుక్కల మందన్నారు, అది ఉంచేసింది. ఒక నర్సమ్మ అయితే, "ఎందుకమ్మా ఇవన్నీ మమ్మల్నడగటం, మేమేం కంప్యూటర్ చూశామా పెట్టామా" అంది. వదిన, "చూడలేదు కాబట్టే మీరు అబద్ధం చెప్పరండి" అంది. ఆ మాట నాకు భలే నచ్చింది. తర్వాత మా షాపులో నేను కూడా చాలాసార్లు వాడాను.

ముప్పై ఆరింటిలో చివరిది 'భద్రం చేయి' అనే బొమ్మ. చేసిన పని పోకుండా దాచమని కంప్యూటర్‌కి చెప్పే మీట. అప్పట్లో ప్రపంచమంతా దానికి ఫ్లాపీ బొమ్మ వేసేది. ఫ్లాపీ అంటే పనిని దాచుకుని జేబులో వేసుకెళ్ళే చదరపు బిళ్ళ, దానికొక రేకు మూత ఉంటుంది. వదిన ఫ్లాపీ వేయలేదు. బీరువా వేసింది. మా అమ్మ బీరువానే, ఎడమ పక్క సొట్టతో సహా. రైల్లో ఒక్కరూ తడబడలేదు. "బీరువా." "ఎందుకండి అది?" "దాచుకోడానికి, ఇంకెందుకు?" ఇంట్లో అమ్మకు చూపిస్తే, "ఇది నా బీరువా కదే. ఆ సొట్ట కూడా వేసేశావే, సిగ్గు లేకుండా" అంది. కానీ రెండోసారి చూసింది. మూడోసారి కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

బొమ్మలెక్కించిన సీడీ నేనే తెనాలి పట్టుకెళ్ళి నెట్ సెంటర్ నుంచి పంపాను. రేపల్లె ఫోను లైను బొమ్మలు వెళ్ళేలోపే తెగిపోయేది. రెండో రోజు జవాబు కూడా నేనే చదివాను. ముప్పై ఐదు బ్రహ్మాండమన్నారు. ముప్పై ఆరోది ఏంటో అర్థం కాలేదట. 'ఇక్కడ ఫ్రిజ్ ఎందుకు పెట్టారు? మా సాఫ్ట్‌వేరులో వంట దాచుకోరు కదా' అని రాశారు. అక్కడితో ఆగినా బాగుండేది. ఒక్క బొమ్మ ఇంత తేడాగా ఉంటే మిగతావి మా వాళ్ళకు అర్థమవుతాయో లేదోనని ఇప్పుడు అనుమానంగా ఉందన్నారు. అందరికీ తెలిసిన ఫ్లాపీ వేసి సోమవారానికి పంపమన్నారు, ఆ తర్వాతే మిగతా సంగతి అన్నారు. స్కూలువాళ్ళకు మాట చెప్పాల్సిందీ ఆ సోమవారమే. తెనాలినుంచి రేపల్లె దాకా ఈ కబురు ఎలా చెప్పాలా అని గోళ్ళు కొరుక్కుంటూ వచ్చాను.

వదిన విని ముందు నవ్వింది. "వాళ్ళిళ్ళల్లో బీరువాలు ఉండవేంటే? చీరలెక్కడ పెట్టుకుంటారు?" అంది. నేనూ నవ్వాను. కాసేపటికి చూస్తే ఆమె కళ్ళనిండా నీళ్ళు. "అంతమందిని అడిగాను. ఆ ఊరివాళ్ళని అడగాలని మాత్రం నాకు తట్టలేదు, చూడు" అంది.

ఆ సాయంత్రమే ఫ్లాపీ గీసేసింది. చక్కగా ఉంది. నేను, "పంపించెయ్, పీడా పోద్ది" అన్నాను. ఆమె వినలేదు. శనివారం నాతో రైలెక్కి ముక్క చూపించింది. ఒకరు కిటికీ అన్నారు. ఒకరు క్యాసెట్టు అన్నారు. భట్టిప్రోలులో ఎక్కినావిడ తిప్పి తిప్పి చూసి, "ఏమోనమ్మా" అని ఇచ్చేసింది. నాకు ఒళ్ళుమండింది. "వీళ్ళెవరూ కొనరు వదినా. నువ్వు పంతానికి పోతే సోమవారం చీర కట్టుకుని స్కూలుకి పోవాలి" అని రైల్లోనే అరిచాను. ఆమె గొంతు పెంచలేదు. "మా నాన్న అనేవాడమ్మాయ్, ఒక్క గడి తప్పితే ఆరు గజాలూ తప్పేనని. ఇది వాళ్ళకి తెలుసు, వీళ్ళకి తెలీదు. అది వీళ్ళకి తెలుసు, వాళ్ళకి తెలీదు. నాకు ఇద్దరూ కావాలి" అంది. నేను మొహం తిప్పుకుని కిటికీలోంచి కాలవ చూస్తూ కూర్చున్నాను. ఆ పూటంతా మాట్లాడుకోలేదు.

ఆదివారం పొద్దున అమ్మ పసుపు డబ్బా కోసమో దేనికోసమో బీరువా తెరిచి, తాళంచెవి దానికే వదిలేసి వంటింట్లోకి పోయింది. వదిన ఎప్పటిలాగే గుమ్మం దాకా నడిచి వెనక్కి తిరిగింది. ఈసారి తెరవైపు కాదు, పక్కగదిలో ఉన్న బీరువా వైపు చూసింది. చూసి అక్కడే నిలబడిపోయింది. తర్వాత పరుగున వచ్చి కుర్చీలో కూర్చుంది. ఫ్లాపీకి రేకు మూత ఉంటుందని చెప్పాను కదా. దాన్ని కాస్త సన్నం చేసి, మధ్యలో గీత తీసి, రెండు తలుపుల్లా చేసింది. వాటి మీద ఒకే ఒక్క గడి పసుపు పెట్టింది.

"అత్తయ్యా, ఒక్కసారి ఇటు రండి. ఆ గుమ్మంలోనే ఆగండి. ఏంటిది?"

అమ్మ గరిటెతో గుమ్మంలో ఆగి చూసింది. "బీరువా. తాళం దానికే వదిలేశావు, తీసెయ్" అంది.

వదిన బల్లమీద తలపెట్టుకుని నవ్వింది, ఏడ్చింది, ఏది ఎప్పుడో నాకు తెలియలేదు. నేను పోట్లాట మర్చిపోయి మెడ కౌగిలించుకున్నాను. అమ్మకు ఏమీ అర్థం కాక దగ్గరికొచ్చి, "ఇది వాళ్ళ దేశం పోద్దా? నా బీరువా?" అని అడిగింది. "పోద్దండి అత్తయ్యా. వాళ్ళకి ఫ్లాపీ, మనకి బీరువా." అమ్మ కాసేపు తెరవైపే చూసింది. తర్వాత అన్నయ్యను పిలిచి, "ఆ స్కూలాయనకి మా కోడలు రాదని చెప్పు. రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే వెళ్ళి చెప్పు" అంది. ఇంకా జవాబే రాలేదు కదమ్మా అని అన్నయ్య నసిగాడు. "నాకు తెలిసింది. వాళ్ళకి తెలీదా?" అంది అమ్మ. మా అమ్మంటే నాకు అంత ఇష్టం ఎప్పుడూ కలగలేదు.

సోమవారం రైల్లో ఏడుగురిని అడిగితే ఏడుగురూ బీరువా అన్నారు. బొమ్మ తెనాలినుంచి వెళ్ళింది. జవాబు రెండు ముక్కలే. మంచి ఫ్లాపీ, ఆ పసుపు చుక్క ఏంటో తెలీదు కానీ ఉంటే బాగుంది, ఉంచండి అని. అప్పట్నుంచి వదిన గీసిన ప్రతి బొమ్మలో ఎక్కడో ఒకచోట ఒక పసుపు గడి ఉంటుంది. గొడ్డలి పిడి చివర, ఉత్తరం మడతలో, చేప కంటిలో. ఐకాన్ గీసినవాళ్ళ పేరు ఎక్కడా వేయరు. ఆమె సంతకం అదే. అన్నిటికంటే ఆఖర్న పెట్టేది. పెట్టి, బీరువా నొక్కి, లేచి టీ పెట్టుకునేది.

ఆ తర్వాత ఏళ్ళపాటు ఆమె దగ్గర పని తెగలేదు. నేను పెళ్ళయి, ఉద్యోగం దొరికి బాపట్ల వచ్చేశాను. ఆఫీసులో ఎవరి తెరమీద బాగున్న బొమ్మ కనిపించినా, "మా వదిన గీసింది" అని చెప్పేసేదాన్ని, ఆమె గీయనివి కూడా. ఐకాన్లు పెద్దవయ్యాయి, నీడలూ మెరుపులూ వచ్చాయి. "చోటెక్కువైంది, కబుర్లెక్కువయ్యాయి" అనేది. ఒకసారి అందరం పెనుమూడి వంతెన మీదకు వెళ్తే, కృష్ణను చూస్తూ, "నీళ్ళకి మూడు గీతలు చాలే. మిగతా నీళ్ళు చూసేవాళ్ళే పోసుకుంటారు" అంది. అన్నయ్య తలకొట్టుకున్నాడు. ఆ పాత సాఫ్ట్‌వేరుకు కొత్తవి ఎన్ని వచ్చినా మార్చలేదు. మారిస్తే బీరువా పోతుందని.

ఇక ఆ రోజు. నేను రేపల్లె చేరేసరికి ఇల్లు నిండుగా ఉంది. వదినను ముందుగదిలోనే పడుకోబెట్టారు. మూలన ఆమె కంప్యూటర్ వెలుగుతూనే ఉంది. ఎవరో ఆపమన్నారట, అన్నయ్య దానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. అమ్మ కోడలి తల దగ్గర కూర్చుంది. నేను కాళ్ళ దగ్గర కూలబడ్డాను. ఏమేం అని ఏడ్చానో తెలీదు. అప్పుడు కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. బల్లకింద యూపీఎస్ కూత పెట్టడం మొదలుపెట్టింది. దాని బ్యాటరీ పాతది, రెండు నిమిషాలు కూడా ఆగదు. "ఆ కూతేంటో ఆపండయ్యా" అన్నారెవరో. అన్నయ్య మౌసువైపు చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు.

అమ్మ తల ఎత్తలేదు. కోడలి నుదుటిమీద చెయ్యి తీయలేదు. "బీరువా నొక్కవే అమ్మాయ్. దాని పని పోద్ది" అంది.

లేచి వెళ్ళాను. తెరమీద గొడుగు. ఎనిమిది మడతలూ పూర్తయ్యాయి, పిడిలో ఒక్క గడే మిగిలింది. ఎక్కడా పసుపు గడి లేదు. కానీ రంగుల పెట్టెలో పసుపు ఎంచుకుని ఉంది. డ్రాపర్ ఆ రంగును ముంచుకుని, పిడి చివర ఆగి ఉంది. ఆ రోజు శుక్రవారం. మౌసు పట్టుకుంటే అరచేతికి కుంకుడు వాసన. ఒక్కసారి నొక్కితే ఆ గడి నిండిపోతుంది. నేను నొక్కలేదు. బాణాన్ని పైకి జరిపి, తాళం దానికే వదిలేసిన ఆ చిన్న బీరువా మీద నొక్కాను. యూపీఎస్ గట్టిగా ఒక్కసారి కూసి ఆగిపోయింది. తెర నల్లబడింది.

"పడిందా?" అంది అమ్మ.

"పడిందమ్మా" అన్నాను.